ఇరవై రెండో బేలు

"నేనేనయ్యా చంపింది. ఆ ఇద్దర్నీ నేనే చంపాను."

ఇమ్మానియేలు ఆ మాట అన్న తీరుకి డిటెక్టివ్ అంకారావు మనసు కలుక్కుమంది. పదిరోజుల కిందట మొదటిసారి నేరం ఒప్పుకున్నప్పుడు ఆ మనిషి నేలమీద పడి గుండెలు బాదుకున్నాడు. ఇవాళ చీరాల పోలీసు స్టేషను లాకప్పులో గోడకి వీపు ఆనించి కూర్చుని, ఎవరో ఊరి పేరు అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఏడుపంతా అయిపోయినట్టుంది. నమ్మకం ఒక్కటే మిగిలింది.

ఆ నమ్మకం కలిగించింది అంకారావే.

మద్రాసు హార్బరులో బయల్దేరిన 'మధుమతి' అనే స్టీమరు ఏడెన్‌కి సరుకు తీసుకుపోతూ నడిసముద్రంలో అంటుకుంది. సరుకు గదిలోంచి పొగ వస్తోందని ఇద్దరు ఖలాసీలు మూత తీసి లోపలికి దిగారు. మూత తియ్యగానే గాలి జొరబడి, అంతవరకూ కుములుతున్న నిప్పు ఒక్కసారి భగ్గుమంది. దిగినవాళ్ళు మళ్ళీ పైకి రాలేదు. కెప్టెన్ మూత వేయించి, గాలి ఆడకుండా బిగించి, ఓడని కొలంబోకి మళ్ళించాడు. గదిలో కాలింది చీరాల రుమాళ్ళు. మాలకొండయ్య అండ్ కో వారు అరబ్బు దేశాలకి పంపే నూనె రుమాళ్ళ బేళ్ళు, మరలో బిగించి కట్టిన మూటలు.

నిప్పు ఎలా పుట్టిందో కనుక్కోమని ఓడ సరుకులకి బీమా చేసిన కంపెనీ గుంటూరు బ్రాడీపేటలో ఉన్న అంకారావుకి కబురు పెట్టింది. అతను పొద్దున రైలు దిగి సాయంత్రానికల్లా కనుక్కున్నాడు. బేళ్ళు కట్టే మేస్త్రీ ఇమ్మానియేలు పని మధ్యలో చుట్ట కాలుస్తాడు. అంటించిన చుట్ట ఒకటి గుడ్డల్లో పడి బేలుతోబాటు బిగిసిపోయింది. బిగువుగా కట్టిన నూలుగుడ్డలో నిప్పురవ్వ వారాల తరబడి కుములుతుంది. అంకారావు ఆ మాట అనగానే మేస్త్రీ కుప్పకూలిపోయాడు. పత్రికలు అంకారావుని ఆకాశానికెత్తాయి. బాపట్ల సబ్ జైల్లో ఉంచిన ఇమ్మానియేలుని ఇవాళే చీరాల తెచ్చారు. రేపు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు.

నిన్న కొలంబో నుంచి తంతి రాకపోతే అంకారావు ఈ ఊరికి మళ్ళీ వచ్చేవాడు కాదు.

"ఇమ్మానియేలూ, ఆ రోజు నేను అడగని సంగతి ఒకటుంది. ఇప్పుడు అడుగుతాను, ఆలోచించి చెప్పు."

"అడగండయ్యా. ఇంక దాచేదేముంది?"

"ప్రతి బేలు మీదా నల్లరంగుతో నెంబరు వేస్తావు కదా. నీ చుట్ట పడింది ఏ నెంబరు బేల్లో?"

"ఇరవై రెండు."

"బాగా గుర్తుందా?"

"ఎట్లా మరిచిపోతానయ్యా? మర బిగించేశాం, ఇనపపట్టీలు కొట్టేశాం. ప్రెస్సు దూలం మీద పెట్టుకున్న చుట్ట చూస్తే లేదు. కింద వెతికాను, పక్కన వెతికాను. బేలు విప్పించాలంటే అయ్యగారితో చెప్పాలి. చెబితే పని ఊడుతుందని నోరు మూసుకున్నాను. కుంచె పట్టుకుని ఇరవై రెండు రాస్తుంటే రెండో అంకె వంకర పోయింది."

అంకారావు జేబులోని తంతి కాగితం తియ్యలేదు. అందులో ఉన్నది అతనికి కంఠతా వచ్చు. మంట రెండుచోట్ల పుట్టింది. ముప్పై ఒకటో బేలు గదికి ఆ చివర, ముప్పై నాలుగోది ఈ చివర. ఒకదాన్నుంచి ఇంకొకటి అంటుకునే వీల్లేదు. చెక్కుచెదరకుండా దింపిన బేళ్ళలో ఇరవై రెండోది ఉంది.

"ముప్పై ఒకటీ, ముప్పై నాలుగూ ఎప్పుడు కట్టావు?"

"అవి నేను కట్టలేదయ్యా. ముప్పై మొదలు అన్నీ ఆదివారం కట్టారు. ఆదివారం నేను గుడికి పోతాను గదా, ఆ రోజు ప్రెస్సు ఎప్పుడూ ఆపుతారు. సోమవారం పొద్దున పోయి చూస్తే కట్టేసి, నెంబర్లేసి, వరసగా పేర్చి ఉన్నయ్యి. ఓడ తప్పిపోతుందని బయటి కూలీల్ని పెట్టి కట్టించానన్నారు అయ్యగారు."

"ఈ మాట నాతో అప్పుడెందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు కదయ్యా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే అంకారావుకి కాస్త తేలిగ్గా ఉండేది. కటకటాల చువ్వ పట్టుకుని ముందుకి వంగాడు.

"విను. ఇరవై రెండో బేలు కాలలేదు. కొలంబోలో చెక్కుచెదరకుండా దించారు. నీ చుట్ట అందులోనే చల్లారిపోయి ఉంటుంది. ఆ ఇద్దరూ నీవల్ల చావలేదు."

ఇమ్మానియేలు తల అడ్డంగా ఊపాడు.

"నా మనసు తేలిక చెయ్యాలని అంటున్నారు. మీరు మంచోరు. కానీ ఆ రోజు మీరు చెప్పింది అచ్చం జరిగినట్టే ఉందయ్యా. రాత్రిళ్ళు కళ్ళు మూస్తే రవ్వ పాకడం నాకు కనపడతా ఉంది."

అంకారావు ఇంక అక్కడ కూర్చోలేకపోయాడు.

వరండాలో ఎలీసమ్మ గిన్నె మూటతో స్తంభం పక్కన నిలబడి ఉంది. ఇమ్మానియేలు భార్య. అతన్ని చూసి కొంగు సర్దుకుంది.

"బాబుగారూ, ఆయన మెతుకు ముట్టడంలేదు. సబ్ జైలుకి తీసుకుపోయినా అంతే. ఒక్కటే అడుగుతున్నాడు. ఆ చనిపోయిన ఖలాసీల పేర్లు కనుక్కోమంటాడు. పేర్లు తెలిస్తే ప్రార్థనలో చెప్పుకుంటాడంట. మీరు రాశారు గదా అంతా. పేర్లు మీకు తెలుసా?"

తన రిపోర్టులో అంకారావు 'ఇద్దరు ఖలాసీలు' అని రాశాడు. పేర్లు ఉంటాయన్న ఊహ కూడా రాలేదు.

"కనుక్కుంటానమ్మా," అని మెట్లు దిగాడు.

*

మాలకొండయ్య గారి ప్రెస్సు షెడ్డు రైలుకట్ట పక్కన ఉంది. ఆయన వాకిట్లోకే ఎదురొచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. మడత నలగని ఖద్దరు కట్టుకుంటాడు.

"రండి డిటెక్టివ్ గారూ! ముందే కబురు చేస్తే స్టేషనుకి బండి పంపేవాణ్ణి గదండీ. ఒరేయ్ బుల్లయ్యా, కాఫీ చెప్పు."

వాచ్‌మన్ బుల్లయ్య కదలబోయాడు.

"కాఫీ వద్దు," అన్నాడు అంకారావు. "పోయినసారి తాగాను. ఆ ఆదివారం బేళ్ళు కట్టింది ఎవరండీ?"

"ఆదివారమా?" మాలకొండయ్య నొసలు ముడిచాడు. "ఆ, అదా! కొందరు కూలీలు. ఓడ గడువు మీదికొచ్చింది. పేర్లెవరికి గుర్తుంటాయండీ?"

"మీ మేస్త్రీ లేకుండానా?"

"ఆయన గుడికి పోవాలిగా. మనం ఒకరి దేవుడి విషయంలో అడ్డం రాకూడదు."

అంకారావు షెడ్డు లోపలికి నడిచాడు. నూనె రుమాళ్ళకి ఒక వాసన ఉంటుంది. నేతగాళ్ళు నూలుని నువ్వులనూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఉతికి, ఆరబెట్టాకే రంగులు అద్దేందుకు ముడులు కడతారు. అందుకే ఆ గుడ్డ ఎన్ని ఉతుకులకైనా మెత్తగా ఉంటుంది, సన్నటి నూనె వాసన పోదు. పోయినసారి షెడ్డంతా వాసనొస్తుంటే అంకారావు అది రుమాళ్ళదే అనుకుని ముక్కుని నమ్మడం మానేశాడు.

ఈసారి మానలేదు. ప్రెస్సు దగ్గర వాసన ఒక రకంగా ఉంది. వెనక మూలకి పోయేసరికి మారింది. ఘాటుగా, కొంచెం చేదుగా, కొత్త తలుపు దగ్గర నిలబడినట్టు. అతను మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి నేలకి ఆనించాడు. చెయ్యి అతుక్కుంది. జేబులోని చాకుతో గీరితే జిగురులాంటి పచ్చటి పొర లేచింది. నువ్వులనూనె ఇలా పొర కట్టదు.

"ఇక్కడ అవిసె నూనె పోశారు," అన్నాడు అంకారావు లేవకుండానే.

"తలుపులకి పూత వేయించామండీ. వడ్రంగి ఒలకబోశాడు."

అంకారావు తల తిప్పి తలుపుల వంక చూశాడు. ఎండకి బీటలిచ్చి, బూడిదరంగు తిరిగి, చేత్తో రాస్తే పెళుసులు లేచేలా ఉన్నాయి.

"ఏ తలుపులకి?"

అంకారావు గోడ వైపు జరిగాడు. షెడ్డు గోడలన్నీ మాసి ఉంటే, ఈ మూల మాత్రం నడుమెత్తు దాకా కొత్త సున్నం. చాకు మొనతో గీశాడు. సున్నం రాలి కింద మసి కనపడింది.

"మీరు కేసు మూసేశారనుకున్నానే!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ మీరా హుస్సేన్ నిలబడి ఉన్నాడు. లాఠీ చంకలో ఇరికించుకుని, బూట్ల చప్పుడుతో లోపలికొచ్చాడు. ఈ ఊళ్ళో జరిగిన నేరాన్ని గుంటూరు నుంచి ఎవరో వచ్చి ఒక్క పూటలో తేల్చేయడం, ఆ పేరు పత్రికల్లో పడటం, తను పోయి సంకెళ్ళు మాత్రం వెయ్యాల్సి రావడం అతనికి ఇంకా మింగుడుపడలేదు.

"రేపు కోర్టుకి పంపాలి నేను. మీరేమో నా ముద్దాయి దగ్గరకెళ్ళి నువ్వు చెయ్యలేదని చెప్పి వచ్చారట. ఎవరినడిగి చెప్పారు?"

"అతను చెయ్యలేదు కాబట్టి చెప్పాను."

"చేశాడని చెప్పిందీ మీరే. చుట్ట అన్నారు, రవ్వ అన్నారు. నా ముందే నిలబడి వేలు చూపించారు. ఇప్పుడు మాట మారుస్తారా? డిటెక్టివ్‌లకి రోజుకో మాట చెల్లుతుందేమో, పోలీసులకి చెల్లదు."

"నా రిపోర్టు తప్పు, ఇన్‌స్పెక్టర్ గారూ."

మీరా హుస్సేన్ ఒక క్షణం తబ్బిబ్బయ్యాడు. పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఎదుటివాడు చేతులు దించేస్తే ఏం చెయ్యాలో తోచలేదు.

"రుజువేది?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"ఈ గోడ కింద ఏదో కాలింది. దాన్ని ఇక్కణ్ణుంచి ఈడ్చుకుపోయారు. చూడండి, బండలు గీసుకుపోయి ఉన్నాయి." నేలమీద ఇనపపట్టీలు రాసుకుపోయిన రెండు తెల్లటి చారలు వెనక గుమ్మం దాటి, పెరట్లోకి, అక్కడ పలకలు కప్పి ఉన్న పాత రంగు తొట్టి దాకా పోయాయి. అంకారావు ఆ చారల వెంటే నడిచి తొట్టి అంచున ఆగాడు. "బుల్లయ్యా, ఇందులో ఏముంది?"

బుల్లయ్య యజమాని మొహం చూశాడు.

"ఏరా, ఆయన్ని చూస్తావేం? అడిగింది నిన్ను," అని గద్దించాడు మీరా హుస్సేన్.

"బేలండి," అన్నాడు బుల్లయ్య నేల చూపులు చూస్తూ. "ఓడలో చోటు చాలక ఒక బేలు ఎనక్కుండిపోయిందండి. ఓడ కాలిందని తంతి వచ్చిన మర్నాడు అది ఆ మూల పొగ రాజుకుందండి. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. నేనే చూశాను. అందరం కలిసి ఈడ్చి తొట్లోకి తోశాం. ఎవరితోనూ అనొద్దన్నారు."

"నేను ఈ ఊరు రాకముందా?" అన్నాడు అంకారావు.

"ముందేనండి."

నలుగురు కూలీలు మోకులు వేసి లాగితే బేలు నీళ్ళోడుతూ గట్టుమీదికి వచ్చింది. అంకారావు పట్టీలు కోయించాడు. పైవరస రుమాళ్ళు ఎర్రగా, నల్లగా, తెల్లగా చక్కటి నేత. ఒకటి తీసి తిరగేశాడు. రెండు వైపులా రంగు ఒక్కలాగే ఉంది. రెండో వరస కింద నుంచి ఇంకొకటి లాగాడు. పై వైపు అదే ఎరుపు, అదే నలుపు. వెనక్కి తిప్పితే వెలవెలబోయింది.

"ఇది నేసింది కాదు. మిల్లు గుడ్డ మీద అచ్చు వేశారు. పైనా కిందా అసలువి పరిచి మధ్యలో నకిలీవి కుక్కారు." చెయ్యి లోపలికి దూర్చాడు. వేళ్ళకి బొగ్గు తగిలింది. బేలు మధ్య అంతా నల్లగా మాడి, పిడికిట్లో పొడి అయిపోతోంది. పై గుడ్డలకి మాత్రం మంట అంటనైనా లేదు.

"నిప్పు నడుమ పుట్టి బయటికొచ్చింది," అన్నాడు మీరా హుస్సేన్ నెమ్మదిగా. "ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. అవిసె నూనె గుడ్డలో ఇంకి, గాలికి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. విప్పి ఆరేస్తే ఆ వేడి పోతుంది. ఉండచుట్టినా, బిగించి కట్టినా పోయే దారి లేక లోపల్లోపల పెరిగి దానంతటదే అంటుకుంటుంది." అంకారావు తన మసి చేతిని చూసుకున్నాడు. "నాకీ సంగతి తెలుసు ఇన్‌స్పెక్టర్ గారూ. రెండేళ్ళ కిందట మా ఆఫీసు తలుపులకి పాలిష్ పెట్టినప్పుడు ఆ గుడ్డలు నేను మూల పడేస్తే వడ్రంగి పరుగున వచ్చి తీగమీద ఆరేశాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. తెలిసి కూడా నాకు ఆ రోజు గుర్తు రాలేదు. చుట్ట దొరికింది కదా, ఇంకేం వెతుకుతాను?"

ఆ చుట్ట ఎలా దొరికిందో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. కాఫీ గ్లాసు చేతికిస్తూ మాలకొండయ్యే అన్నాడు: మా ఇమ్మానియేలు బంగారం లాంటి మనిషండీ, ఆ చుట్ట అలవాటు ఒక్కటే. అంత తేలిగ్గా అన్నాడు. అంకారావు అంత తేలిగ్గానే అందుకున్నాడు.

మాలకొండయ్య తొట్టి గట్టుమీద కూర్చుండిపోయాడు. ఖద్దరుకి రంగునీళ్ళు అంటుకుంటున్నా చూసుకోలేదు.

"అరబ్బులు రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని గానీ కొనరండీ," అన్నాడు, ఎవరినో బతిమాలుతున్నట్టు. "అంత పెద్ద ఆర్డరు ఎప్పుడూ రాలేదు. నేతగాళ్ళు గడువుకి అందించలేమన్నారు. కాదంటే ఇంకొకడి పాలవుతుంది. మిల్లు గుడ్డ అచ్చు వేయించాను. వాసన కోసం నూనె పట్టించాను. నువ్వులనూనె వాసన ఓడలో నిలవదన్నారు ఎవరో. అవిసె నూనె అయితే నిలుస్తుందన్నారు. నేను ఎవర్నీ చంపాలనుకోలేదు. నా పిల్లల సాక్షి."

"మొదటి ఓడప్పుడు అనుకోలేదు," అన్నాడు అంకారావు. "ఈ బేలు కళ్ళముందు పొగ రాజుకున్నాక తెలిసింది కదా? తెలిశాకే నాకు కాఫీ ఇచ్చావు. తెలిశాకే ఒక మనిషిని తనే హంతకుణ్ణని నమ్మించావు."

"నమ్మించింది మీరు కదండీ," అన్నాడు మాలకొండయ్య. పొడవాలని అన్నది కాదు. నిజంగా అలాగే అనుకుంటున్నాడు.

ఆ మాట నిజమని అంకారావుకి తెలుసు. బేలు మీది నెంబరు చూస్తుంటే ఇంకో సంగతి తట్టింది.

"పెద్ద ఆర్డరన్నావు. ఓడలో ఎక్కింది నలభై బేళ్ళే. మిగతావి ఎక్కడ?"

మాలకొండయ్య తల దించుకున్నాడు.

"ఎక్కడయ్యా?" అని అరిచాడు మీరా హుస్సేన్.

"సరుకులో దోషం లేదు, చుట్టవల్ల జరిగిందని ఈయన రిపోర్టు ఇచ్చారు గదండీ. అది చూసి బీమావాళ్ళు మిగతా సరుక్కి ఒప్పుకున్నారు. మొన్నటి ఆదివారం కట్టించి పంపాను. నిన్న మద్రాసులో 'రత్నాకర' స్టీమరు ఎక్కించారు. రాత్రే బయల్దేరింది."

"అందులో నకిలీవి?"

"పదహారు."

"అంటుకుంటాయని తెలిసే పంపావా?"

"ఈసారి రెండు రోజులు ఎక్కువ ఆరబెట్టించానండీ," అన్నాడు మాలకొండయ్య.

*

జీపు రైలుగేటు దాటింది. మాలకొండయ్య వెనక కానిస్టేబుళ్ళ మధ్య కూర్చున్నాడు. మీరా హుస్సేన్ దోవ మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"ఆదివారం సంగతి నాకు వారం కిందటే తెలిసింది. ఎలీసమ్మ చెప్పింది, ఆదివారం ఎవరో కొన్ని బేళ్ళు కట్టారు, మా ఆయన ఆ రోజు గుళ్ళో ఉన్నాడండీ అని. మీ లెక్కలో ఎక్కడో తేడా ఉందనిపించింది."

"మరి నాకు కబురు చెయ్యలేదేం?"

"కోర్టులో వాళ్ళ వకీలు అడుగుతాడు, మీరు నీళ్ళు నములుతారు. అది చూద్దామనుకున్నాను." గేరు గట్టిగా మార్చాడు. "అప్పుడే చెప్పి ఉంటే ఈ రెండో సరుకు ఊరు కదిలేది కాదు."

అతన్ని తప్పుపట్టే హక్కు తనకుందని అంకారావుకి అనిపించలేదు.

స్టేషనులో ఫోను లాకప్పుకి ఎదురు బల్లమీద ఉంది. మద్రాసు హార్బరు ఆఫీసుకి అర్జంటు ట్రంకు కాల్ బుక్ చేశారు. ఎక్స్‌చేంజీ వాళ్ళు లైను కలిపేదాకా మీరా హుస్సేన్ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. మాలకొండయ్యని లోపలికి తెస్తుంటే ఇమ్మానియేలు లేచి కటకటాల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. యజమాని చేతులకి సంకెళ్ళు చూసి అతని మొహం అయోమయంగా మారింది.

"అయ్యగారినెందుకు తెచ్చారయ్యా? చేసింది నేనైతే?"

"నువ్వు చెయ్యలేదు," అన్నాడు మీరా హుస్సేన్. "ఆయనే చెబుతాడు విను. చెప్పండి మాలకొండయ్య గారూ, ఆ రెండు బేళ్ళూ ఎవరు కట్టించారు?"

మాలకొండయ్య పెదవులు కదిలాయి. "నేనే కట్టించాను ఇమ్మానియేలూ. అందులో మిల్లు గుడ్డకి నూనె పట్టించి పెట్టాను. దానివల్లే అంటుకుంది. నీ చుట్ట కాదు."

ఇమ్మానియేలు మొహం తేరుకుంటుందేమోనని అంకారావు చూశాడు. పదిరోజుల బరువు దిగుతుందేమోనని చూశాడు. ఇమ్మానియేలు చువ్వలు పట్టుకున్న చేతులు వదల్లేదు.

"నూనె గుడ్డలా?" అన్నాడు. "మరి మొన్న మిగతా సరుకు పోయిందని మా ఆడది చెప్పింది. అందులోనూ పెట్టారా?"

అంతలో ఫోను మోగింది. అంకారావు అందుకున్నాడు. మద్రాసు గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినపడింది. అంకారావు తన పేరు చెప్పి, రత్నాకరలో మాలకొండయ్య అండ్ కో గుర్తు ఉన్న బేళ్ళు వాటంతటవే అంటుకునేవని, ఓడని తక్షణం వెనక్కి పిలిపించమని ఒక్క ఊపిరిలో చెప్పాడు.

అవతల కాగితాల చప్పుడు వినపడింది.

"మీకెలా తెలిసిందండీ?" అంది గొంతు. "రత్నాకర నుంచి ఇప్పుడే వైర్‌లెస్ వచ్చింది. పొద్దుటి నుంచి రెండో సరుకు గదిలో కాలిన వాసన వస్తోందట. పొగేమీ లేదట. కెప్టెన్ మూత తీయిస్తున్నాడు. చూసి రమ్మని ఖలాసీలని దించుతున్నానని పంపాడు."

"తియ్యొద్దనండి!" అంకారావు లేచి నిలబడ్డాడు. స్టూలు వెనక్కి పడిపోయింది. "మూత తియ్యొద్దని చెప్పండి! ఎవరినీ దించొద్దు. గాలి తగిలితే భగ్గుమంటుంది. ఆ మధుమతిలో జరిగిందిదే. వినపడుతోందా? మూత బిగించి లోపలికి ఆవిరి వదిలి ఆర్పమనండి, మనుషుల్ని మాత్రం..."

"హలో? కొంచెం గట్టిగా... మూత తియ్యమనా అంటున్నారు?"

"వద్దని! వద్దు!"

లైనులో గరగర మొదలైంది. ఆ గరగరలో మద్రాసు గొంతు ఏదో అంది. తర్వాత అదీ లేదు. మీరా హుస్సేన్ రిసీవరు లాక్కుని హుక్కు టపటప కొట్టాడు.

"మద్రాసు లైను తెగిపోయిందండీ," అంది చీరాల ఎక్స్‌చేంజీ. "మళ్ళీ బుక్ చెయ్యమంటారా?"

"చెయ్యండి! ఎక్స్‌ప్రెస్ తంతి కూడా కొట్టించండి, ఇప్పుడే!" మీరా హుస్సేన్ కానిస్టేబులుని తంతి ఆఫీసుకి తరిమాడు. మద్రాసులో ఆ మనిషి చివర్న విన్నది 'వద్దు' అనా, 'తియ్యమను' అనా అన్నది ఎవరికీ తెలియదు.

అంకారావు బల్లమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. వేళ్ళ మధ్య బొగ్గు మసి ఇంకా పోలేదు. నడిసముద్రంలో ఎవరో ఇద్దరు, వాళ్ళ పేర్లు కూడా తనకి తెలియదు, ఈపాటికి మూత దగ్గర వంగి ఉంటారు. తను సంతకం పెట్టిన కాగితమే వాళ్ళని అక్కడిదాకా తీసుకుపోయింది.

వెనక నుంచి ఇమ్మానియేలు గొంతు వినిపించింది. పొద్దున్న అన్నట్టు మామూలుగా లేదు ఇప్పుడు.

"అయ్యా... వాళ్ళు దిగారా?"

ఫోను మళ్ళీ మోగింది.

మీరా హుస్సేన్ చెయ్యి దానిమీద వాలింది గానీ ఎత్తలేదు. అంకారావు వంక చూశాడు. అంకారావు ఆ చెయ్యి పక్కకి తీసి, రిసీవరు తనే చెవికి ఆనించుకున్నాడు.

"హార్బరు ఆఫీసండీ," అంది మద్రాసు గొంతు. ఈసారి స్పష్టంగా ఉంది. "మీ మాట మేం పంపేలోపే రత్నాకర వైర్‌లెస్ ఆగిపోయింది."